నర్సింగ్ చూపించిన రాటర్‌డామ్

బహ్రెయిన్‌లో ఎవరైనా రాటర్‌డామ్ గురించి తెలుసుకోవాలంటే ఉమ్మ్ అల్ హస్సామ్‌లో ఒక చిన్న ట్రావెల్ ఆఫీసుకు వెళ్ళి, అక్కడ టీ కలిపే మనిషిని అడగాలి. ఇది వేళాకోళం కాదు. ఆ ఆఫీసులో కంప్యూటర్లున్నాయి, నున్నటి రంగుల పుస్తకాలున్నాయి, టై కట్టుకున్న మేనేజరున్నాడు. అయినా అడగాల్సింది టీ కలిపే నర్సింగునే. హాలెండులోని ఆ ఓడరేవు ఊళ్ళో ఏ మలుపులో ఏముందో, ఎక్కడ ఎంతసేపు నడవాలో, ఎక్కడ కూర్చోవడానికి బల్ల ఉందో అతను కళ్ళు మూసుకుని చెబుతాడు. అక్కడికి అతను ఎన్నడూ వెళ్ళలేదు.

నర్సింగ్‌ది కోరుట్ల దగ్గర పల్లె. వయసు నలభై ఏడు. దుబాయి పోతున్నానని ఊళ్ళో అందరికీ చెప్పి బహ్రెయిన్‌లో దిగి ఇరవై ఏళ్ళు దాటింది. ఊరివాళ్ళకు గల్ఫంతా దుబాయే కాబట్టి ఇప్పటికీ అతను దుబాయిలో ఉన్నట్టే లెక్క. మొదటి ఏడెనిమిదేళ్ళు సెంట్రింగ్ పని చేశాడు. స్లాబు పోయకముందు జాకీలు నిలబెట్టి, పైన పలకలు బిగించి, కాంక్రీటు గట్టిపడి తన బరువు తాను మోసుకునేదాకా కింద నుంచి ఆపే పని. జుఫైర్‌లో ఈ రోజు అద్దాలతో మెరిసిపోతున్న హోటళ్ళలో రెండింటికి అతను పలకలు కొట్టాడు. కట్టడం అయిపోయాక వాటి లోపలికి అడుగు పెట్టనిచ్చినవాడు లేడు.

అక్కడే మూడో భవనం దగ్గర రెండో అంతస్తు నుంచి పలకతో సహా కింద పడ్డాడు. ఎడమ మోచెయ్యి మూడు ముక్కలైంది. లోపల రాడ్డు వేసి కుట్టారు గానీ చెయ్యి మళ్ళీ పూర్తిగా చాపడానికి రాలేదు. నాలుగు నెలలు కూలీల క్యాంపులో పడుకుని పైకప్పు చూస్తూ గడిపాడు. ఇక ఇంటికి తోలేస్తారని అనుకుంటున్న సమయంలో సత్యప్రసాద్ అతన్ని తన ఆఫీసులోకి తీసుకున్నాడు. సత్యప్రసాద్‌ది కాకినాడ. ఒక బహ్రెయినీ యజమాని పేరు మీద ఆ ట్రావెల్ ఆఫీసు నడిపేది ఆయనే. నోరు కాస్త పెద్దది గానీ మనసు చెడ్డది కాదు.

ఆఫీసు గోడకు ఒక పెద్ద టీవీ ఉంది. వచ్చినవాళ్ళను ఊరించడానికి అందులో పొద్దస్తమానం దేశదేశాల వీడియోలు తిరుగుతుంటాయి, శబ్దం లేకుండా. రోజూ పొద్దున దాని దుమ్ము తుడిచేది నర్సింగే. ఒకరోజు తుడుస్తూ తుడుస్తూ గుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. తెర మీద పసుపుపచ్చ ఇళ్ళు. ఒక్కొక్కటీ నాలుగు మూలల పెట్టె. ఆ పెట్టెను నేల మీద కాదు, ఒక స్తంభం నెత్తిన, దాని మూల మీద నిలబెట్టారు. గోడలన్నీ ఏటవాలు. అలాంటివి వరసగా ముప్పై పైచిలుకు.

“ఏ సెంట్రింగోడు కొట్టిండో గని, ఆని కాళ్ళు మొక్కాలె సార్,” అన్నాడు, టికెట్టు కోసం కూర్చున్న ఒకాయనతో. “మూల మీద నిలవెడితే బరువంత ఒక్క తాన దిగుతది. జాకీలు యాడ పెట్టిన్రో, పలక ఎట్ల నిలిచిందో!” 

ఆయన టికెట్టు సంగతి మరిచిపోయి అరగంట విన్నాడు. వెళ్ళేటప్పుడు, ఆ ఊరికి పోవడానికి ఏం చెయ్యాలి అని సత్యప్రసాద్‌ను అడిగాడు. అలా మొదలైంది.

నర్సింగుకు ఇంగ్లీషు చదవడం రాదు. చదివిపెట్టింది స్వామి. నర్సింగ్ చిన్నమ్మ కొడుకు, ఇరవై తొమ్మిదేళ్ళవాడు, జగిత్యాలలో డిగ్రీ చేసి ఖాళీగా తిరుగుతుంటే నర్సింగే సత్యప్రసాద్ కాళ్ళావేళ్ళా పడి వీసా తెప్పించాడు. గదిలో తన కింది మంచం అతనికి ఇచ్చి, తాను ఆ వంకర చెయ్యితో పై మంచం ఎక్కేవాడు. స్వామి చురుకైనవాడు. రెండేళ్ళలో కౌంటర్లో కూర్చున్నాడు, వీసా కాగితాలు చూసే పనికి వచ్చాడు. మధ్యాహ్నం ఆఫీసు ఖాళీగా ఉన్నప్పుడు కంప్యూటర్లో రాటర్‌డామ్ సంగతులు చదివి తెలుగులో చెప్పేవాడు. నర్సింగ్ విని వాటిని తన బుర్రలో తన పద్ధతిలో కట్టుకునేవాడు.

రెండో ప్రపంచ యుద్ధంలో ఆ ఊరి నడిబొడ్డు ఒక్క పూటలో బాంబులకు కూలిపోయిందని, పాతది మళ్ళీ కట్టకుండా అంతా కొత్తగా కట్టుకున్నారని విన్నప్పుడు నర్సింగుకు ఆ ఊరి మీద ఎక్కడలేని మమకారం పుట్టుకొచ్చింది. అది మేస్త్రీల ఊరు అనుకున్నాడు. అక్కడ ఒక మార్కెట్టు ఉంది, గుర్రపు నాడాలా వంగిన పెద్ద కమాను. కమాను మందంలోనే జనం కాపురాలుంటారు. కిటికీలోంచి కిందికి చూస్తే పండ్ల బండ్లు, చేపల కొట్లు. నది కింద నడిచిపోవడానికి ఒక సొరంగం ఉంది, అందులోకి దిగడానికి పాతకాలపు చెక్కమెట్లు వాటంతటవే కదులుతుంటాయి. నది మీద పసుపుపచ్చ పడవలు టాక్సీల్లా తిరుగుతాయి. రేవు లోపలికంతా తిప్పి చూపించే పెద్ద పడవ వేరే ఉంది, గంటంబావు పడుతుంది, ముసలివాళ్ళకు దానికి మించింది లేదు, కూర్చున్నచోట కూర్చుని ఓడలన్నీ చూడొచ్చు. ఇవన్నీ అతను చెప్పే తీరే వేరు. వీటన్నిటికంటే అతనికి ఇష్టమైంది ఒక పాత రేవుకట్ట. ఒకప్పుడు ఆ కట్ట మీద నుంచి లక్షలమంది పెట్టెలు పట్టుకుని బతుకుదెరువుకు ఓడలెక్కి సముద్రాలు దాటారట. ఆ ఓడల కంపెనీ ఆఫీసు ఇప్పుడు హోటలు.

“ఆల్లకు గూడ ఓ దుబాయి ఉండె అన్నట్టు,” అనేవాడు నర్సింగ్ ఆ చోటు గురించి చెప్పినప్పుడల్లా. వినేవాళ్ళు నవ్వి, ఆ వెంటనే నవ్వడం ఆపేవారు.

కిందటేడు ఆ ఊరికి పంపిన తెలుగువాళ్ళ గ్రూపు తిట్టుకుంటూ వెనక్కి వచ్చింది. అక్కడి గైడు ఇంగ్లీషులో గడగడా చదివేసి పోయాడట. పెద్దవాళ్ళకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఈసారి ఈద్ సెలవులకు పదకొండు మంది సిద్ధమయ్యారు. నర్సింగ్ మాటలు విని డబ్బు కట్టినవాళ్ళే అంతా. సత్యప్రసాద్ రెండ్రోజులు ఆలోచించి వంటగది తలుపు దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

“నర్సింగూ, వాళ్ళతో నువ్వే వెళ్ళవయ్యా. ఆరు రోజులు. అక్కడ బస్సూ, హోటలూ చూసుకోడానికి మన కంపెనీవాళ్ళున్నారు. నువ్వు పక్కనుండి చెప్పు చాలు. నువ్వు చెబితేనే వింటారు వీళ్ళు.”

నర్సింగ్ కప్పులు కడుగుతున్నాడు. పంపు కట్టేసి, “ఏమన్నరు సార్?” అని మళ్ళీ చెప్పించుకున్నాడు. ఆ సాయంత్రం భార్య ముత్తెమ్మకు ఫోను చేస్తే ఆమె, “దుబాయికెళ్ళి ఇంకో దుబాయి పోతున్నవా?” అంది. కాదని చెప్పాడు. అక్కడ పని చెయ్యక్కర్లేదని, చూడ్డానికే పోతున్నానని చెప్పాడు. చూడ్డానికి పోవడమనేది తన ఇంట్లో ఎవరూ చెయ్యని పని అని, చెబుతుండగానే అతనికి తెలిసింది. ఇన్నేళ్ళలో ఎక్కడికి కదిలినా ఎవరికో పని చేసిపెట్టడానికే కదిలాడు. మొదటిసారి ఒక ఊరు అతన్ని ఊరికే రమ్మంది.

పాస్‌పోర్టు తీసి స్వామి చేతిలో పెట్టాడు. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. గల్ఫుకు వచ్చిన కూలివాడికి కాగితాల గొడవ ఉండదు. కఫీలు, అంటే వీసా ఇచ్చిన యజమాని, తరఫున మందూబ్ అని ఒకడు ఉంటాడు. ఆఫీసుల చుట్టూ తిరిగి, ముద్రలు వేయించి, సీపీఆర్ అనే గుర్తింపు కార్డు తెచ్చి చేతిలో పెట్టేవాడు అతనే. మనిషి వెళ్ళాల్సింది వేలిముద్రలకూ రక్తపరీక్షకూ మాత్రమే. ఆ వేలిముద్రలు ఒకసారి ఇస్తే ఎయిర్‌పోర్టులోనైనా, మరెక్కడైనా వేలు పెట్టగానే పేరు వచ్చేస్తుంది. ఇరవై ఏళ్ళుగా నర్సింగ్ చూసింది అదే. అందుకే, “మల్ల నేను యాడికన్న రావాల్నా తమ్మీ, వేలిముద్రలకు?” అని అడిగితే స్వామి చెప్పిన జవాబు అతనికి తప్పుగా తోచలేదు.

“సీపీఆర్ కార్డుకు ఇచ్చినవి లేవా అన్నా? అన్ని కంప్యూటర్ల ఉంటయి. నువ్వు బేఫికర్ ఉండు, నేను జూసుకుంట.”

తమ్ముడు చూసుకుంటానన్నాక ఇంకా అడగడం బాగుండదు కదా. నర్సింగ్ బేఫికర్‌గా ఉన్నాడు.

ఉన్నాడంటే ఊరికే ఉన్నాడా! ప్రతి శుక్రవారం రిహార్సలు పెట్టాడు. మినీబస్సు నడిపే ఖుర్రం, గదిలో ఉండే దేవేందర్, ఇంకో నలుగురూ టూరిస్టులు. స్వామి వాళ్ళ పక్కన కూర్చునేవాడు. బహ్రెయినే రాటర్‌డామ్. ముహర్రక్ పోయే వంతెన ఎక్కగానే నర్సింగ్ డ్రైవరు పక్క సీట్లోంచి వెనక్కి తిరిగి, ఇది నది మీది తెల్లటి తీగల వంతెన, దీనికి ఆ ఊరివాళ్ళు హంస అని పేరు పెట్టుకున్నారు అని చెప్పేవాడు. జిదాఫ్స్ బజారుకు తీసుకుపోయి, ఇది కమాను మార్కెట్టు, ఇక్కడ గంట టైము, తప్పిపోతే ఈ చేపల కొట్టు దగ్గర నిలబడండి అనేవాడు. దేవేందర్‌కు ముసలమ్మ వేషం. అడుగడుక్కీ మోకాళ్ళు పట్టుకుని, “బాత్రూం యాడ నాయినా?” అని సతాయించేవాడు. కొట్టువాడు ఈ పిచ్చివాళ్ళను వింతగా చూసేవాడు. “అన్నా, నువ్ చెప్తుంటే నాకైతే నిజంగనే సలిపెడుతుంది భాయ్,” అన్నాడొకసారి ఖుర్రం. బయట ఎండ కాస్తోంది. నర్సింగ్ తన ఇరవై ఏళ్ళ పరదేశపు బతుకులో అంత సంతోషంగా ఉన్న రోజులు వేరే లేవు.

ప్రయాణం పన్నెండు రోజులుందనగా స్వామి వచ్చి పక్కన కూర్చున్నాడు. చెయ్యి తీసి నర్సింగ్ భుజం మీద వేశాడు.

“అన్నా, నీ వీసా రాలే. రిజెక్ట్ కొట్టిన్రు.”

“ఎందుకట?”

“సదువు లేదు, జీతం తక్కువ అని. ఆల్ల రూల్లు ఆల్లయి. సార్ నన్ను పొమ్మంటుండు. నాకైతే మనసొప్పుతలేదు అన్నా.”

అలా అని కళ్ళల్లో నీళ్ళు కూడా పెట్టుకున్నాడు. తర్వాత జరిగింది తెలిసినవాళ్ళకు ఆ నీళ్ళు తల్చుకుంటే ఒళ్ళు మండుతుంది. నర్సింగ్ మాత్రం ఆ నీళ్ళు చూసి తన దుఃఖం దిగమింగి, తమ్ముణ్ణే ఓదార్చాడు. “పో తమ్మీ. నేను పోతేంది, నువ్వు పోతేంది. మనింటికెళ్ళి ఒకడు పోతుండు,” అన్నాడు. చదువు లేదని తిప్పి పంపడం అతనికి నలుగురిలో బట్టలిప్పినట్టు ఉంది. ఆ మాట సత్యప్రసాద్ దగ్గర ఎత్తడానికి సిగ్గేసింది. సత్యప్రసాద్ కూడా ఎందుకో ముభావంగా, టీ అందుకునేటప్పుడు మొహం చూడకుండా ఉంటున్నాడు. తన వల్ల ఆయనకు తలవంపులు వచ్చాయేమో అనుకున్నాడు నర్సింగ్.

ఆ రోజు నుంచి రోజూ స్వామికి చెప్పాడు. పొద్దున బస్సులో, మధ్యాహ్నం అన్నం ముందు, తన దగ్గరున్నదంతా ఊడ్చి ఇచ్చాడు. ఏ చోట గట్టిగా చెప్పాలో, ఏ చోట నోరు మూసుకుని వాళ్ళను చూడనివ్వాలో. వానొస్తే ఏది ముందు, ఏది వెనక. పసుపుపచ్చ ఇళ్ళ దగ్గర చెప్పడానికి అతను దాచుకున్న మాట ఒకటుంది. జుఫైర్‌లో తాను పడిన రోజు సంగతి. పలక కదిలినప్పుడు మొదట వినిపించిన చప్పుడు, కిందపడ్డాక ఇసుకలో చెంప ఆనించి చూస్తే ఎదురుగా తన చెప్పు ఒక్కటే నిలబడి కనిపించడం, మనం చూసి మురిసే ప్రతి ఇంటి కిందా ఎవడో ఒకడు జాకీ పట్టుకుని నిలబడి ఉంటాడని చెప్పడం. అది ఇంతవరకు ముత్తెమ్మకు కూడా మొత్తం చెప్పలేదు.

“గిది గూడ చెప్పమంటవా అన్నా?” అన్నాడు స్వామి.

“చెప్పు. మా అన్న గిట్ల పడ్డడు అని చెప్పు. ఆ ఇండ్ల ముంగట నిలవడి చెప్తె జనానికి ఎక్కుతది.”

ఎల్లుండి ప్రయాణమనగా జమునమ్మ ఆఫీసుకు వచ్చింది. ఆమెది తణుకు, అరవై ఆరేళ్ళు, ఇక్కడ కొడుకు దగ్గర ఉంటోంది. ఆ పదకొండు మందిలో నర్సింగ్ మాటలకు అందరికంటే ముందు పడిపోయింది ఆమె. మోకాళ్ళ నొప్పులున్నా బయల్దేరుతున్నది అతని ధైర్యంతోనే. టికెట్లు తీసుకుని నేరుగా వంటగది దగ్గరకొచ్చింది.

“ఏం నాయనా, రావట్లేదటగా? అందుకే కాబోలు ఆ రోజు వీసా సెంటర్లో ఎంత వెతికినా కనపడలేదు నువ్వు. పది వేళ్ళూ అద్దించుకున్నారు అందరిచేతా. నా బొటనవేలు అరిగిపోయిందో ఏమో, మూడుసార్లు పెట్టినా పడలేదు. మీ స్వామి నవ్వుతూనే ఉన్నాడు.”

“స్వామి ఎందుకొచ్చిండమ్మా ఆడికి?”

“ఎందుకేవిటి, వేలిముద్రలకే. నా ముందు వరసలో అతనే.”

“ఎన్నడమ్మా గది?”

ఆమె లెక్క వేసుకుని చెప్పింది. నర్సింగ్ తన పాస్‌పోర్టు స్వామి చేతిలో పెట్టిన వారంలోనే. రిజెక్ట్ అని చెప్పి భుజం మీద చెయ్యి వేయడానికి మూడు వారాల ముందు.

చేతిలో టీ జల్లెడ ఉంది. దాన్ని కడిగి, ఆరబెట్టి, చేతులు తుడుచుకుని సత్యప్రసాద్ గదిలోకి వెళ్ళాడు నర్సింగ్. జీవితంలో మొదటిసారి అడగకుండా కుర్చీలో కూర్చున్నాడు.

“సార్, నా వీసా ఎందుకు రాలే?”

“వీసా ఏవిటి? నువ్వే రానన్నావటగా! ముత్తెమ్మకు బాగోలేదు, మంచాన పడింది, ఈ టైములో పోలేనని మీ తమ్ముడితో చెప్పి పంపావు. నేరుగా నాతో ఒక్క మాట చెప్పలేకపోయాడే అని నాకు కష్టమేసింది కూడా.” సత్యప్రసాద్ అంటూనే అతని మొహం చూసి ఆగిపోయాడు. లేచి వెళ్ళి స్వామి సొరుగు లాగాడు. అప్పటికి స్వామి బ్యాంకు పని మీద బయట ఉన్నాడు. సొరుగు అడుగున, రబ్బరుబ్యాండు వేసిన పాత ఫారాల కింద నర్సింగ్ పాస్‌పోర్టు ఉంది. ఎక్కడికీ వెళ్ళలేదు. దాని మీద ఎవరూ ఏ ముద్రా వెయ్యలేదు.

సత్యప్రసాద్ చాలాసేపు తిట్టాడు. తిట్టి, కుర్చీలో కూలబడి, “ఎల్లుండి ఫ్లైటయ్యా. ఇప్పుడు ఇంకో వీసా ఎక్కణ్ణుంచి తేను? వాణ్ణి ఆపితే వాళ్ళతో ఎవరు వెళ్తారు? వచ్చాక చూద్దాం వాడి సంగతి,” అన్నాడు. వ్యాపారం చేసేవాడు అంతకంటే ఏమంటాడు! నర్సింగ్ పాస్‌పోర్టు జేబులో పెట్టుకుని ఆ రోజు డ్యూటీ పూర్తిచేశాకే గదికి వెళ్ళాడు.

గదిలో స్వామి సామాను సర్దుకుంటున్నాడు. నర్సింగ్ గుమ్మంలో నిలబడ్డాడు. ఏం తెలిసిందో చెప్పాల్సిన అవసరం లేకపోయింది. స్వామి అతని మొహం చూసి, మడత పెడుతున్న చొక్కా మంచం మీద వదిలేశాడు.

“ముత్తెమ్మను మంచాన పండవెట్టినవట?”

“అన్నా, ఇను జర...”

“నా పెండ్లాం నీకు ఏం జేసింది రా? నిన్ను ఎత్తుకొని తిరిగింది గదరా ఆమె.”

స్వామి తలెత్తాడు. అతని గొంతులో సిగ్గు లేదు, చిరాకు ఉంది. పట్టుబడ్డవాడికి వచ్చే చిరాకు.

“తప్పయింది. గని నువ్వు గూడ ఆలోచించు అన్నా. అన్ని సదివి చెప్పింది నేను గాదా? నాకు మంచి నౌకరి దొర్కాల్నంటె ఒక్కసారి యూరప్ ముద్ర పడాలె పాస్‌పోర్టుల. నీకేంది, ఇంకో నాలుగేండ్లయితె ఇంటికి పోతవ్. అయినా నీకు ఆ ఊరు సూసినట్టే ఉన్నది గద. సందు సందు ఎర్కనాయె. నేను ఇంకా సూడనే లేదు.”

నర్సింగుకు కొట్టాలనిపించింది, చెయ్యి లేవలేదు. ఇంత అబద్ధం ఆడినందుకు కాదు అతనికి కోపం. ఈ పది రోజులు తాను నోరు నొప్పి పుట్టేలా చెబుతుంటే, కళ్ళు పెద్దవి చేసుకుని, అడ్డుప్రశ్నలు వేసి, మరీ మరీ చెప్పించుకుని విన్నాడే, దానికి. గొంతు కోస్తూ కూడా తల ఇంకొంచెం పైకెత్తు అన్నా అని అడిగినట్టుంది. పరాయివాడు ఇలా చేస్తే తిట్టి ఊరుకునేవాడు. తన మంచం ఇచ్చి పడుకోబెట్టినవాడు చేశాడు. ఎవరికి చెప్పుకుంటాడు? ఊళ్ళో చిన్నమ్మకా? ముత్తెమ్మకా? చెబితే రెండిళ్ళ మధ్య నిప్పంటుకుంటుంది. అది కూడా స్వామికి తెలుసు. తెలిసే చేశాడు.

పదకొండు మందీ వెళ్ళారు. ఖుర్రమే మినీబస్సులో ఎయిర్‌పోర్టుకు దింపి వచ్చాడు. దారి పొడుగునా స్వామితో ఒక్క మాట మాట్లాడలేదని వచ్చాక చెప్పాడు. ఆ శుక్రవారం దేవేందరూ మిగతావాళ్ళూ బయటికి పోదామని రాలేదు. నర్సింగ్ ముందు ఆ ఊరి పేరెత్తడానికి అందరికీ నోరు భారమైంది.

ఈద్ సెలవులకు ఆఫీసు మూసి ఉంది. మూడో రోజు మధ్యాహ్నం నర్సింగ్ గదిలో ఉల్లిగడ్డలు కోస్తుంటే ఫోను మోగింది. వీడియో కాల్. జమునమ్మ. ఎత్తకూడదనుకుని కూడా ఎత్తాడు. తెర మీద ఆమె ఉన్నికోటు, తలకు మఫ్లరు, చలికి ఎర్రబడ్డ ముక్కు. గాలి హోరుమంటోంది.

“నాయనా, నువ్వు గుర్తొచ్చావు, అందుకే చేశాను. ఇప్పుడే ఆ పచ్చ ఇళ్ళు చూసి వచ్చాం. అచ్చం నువ్వు చెప్పినట్టే ఉన్నాయి. ఇదిగో, ఇప్పుడు ఆ ఓడల కట్ట మీదున్నాం. కానీ అబ్బీ, మీ స్వామి ఎన్ని కష్టాలు పడ్డాడయ్యా పాపం! ఆ ఇళ్ళ ముందు నిలబడి చెబుతుంటే ఆడవాళ్ళందరం ఏడ్చాం. పలకతో సహా పడిపోయాడటగా జుఫైర్‌లో. ఇసుకలో పడి చూస్తే తన చెప్పు ఒక్కటే నిలబడి కనపడిందట. అలాంటి పని చేసి పైకొచ్చిన పిల్లాడని నాకు తెలీనే తెలీదు. నువ్వైనా ఎప్పుడూ చెప్పలేదేం?”

నర్సింగ్ చేతిలో కత్తి కింద పెట్టాడు. ఒక్క క్షణం అతనికి ఆమె ఎవరి గురించి చెబుతోందో అర్థం కాలేదు. మా అన్న అని చెప్పమన్న మాట గుర్తొచ్చింది. ఆ ఒక్క మాట కూడా మిగల్చలేదు వాడు. వీసా పోయింది, సరే. ప్రయాణం పోయింది, సరే. తన ఒంటి మీద పడిన దెబ్బ కూడా తనది కాకుండా పోయింది.

“అమ్మా, పడ్డది నేను,” అన్నాడు. గొంతు పెంచలేదు. “స్వామి గప్పుడు పదో తరగతి సదువుతుండు. ఆడు సుత్తి పట్టుకోలే ఎన్నడు. ముత్తెమ్మకు గూడ ఏం గాలే. నేను రానని ఎవలికీ చెప్పలే. నా పాస్‌పోర్టు ఆని సొరుగులనే ఉండె.”

జమునమ్మ మొహం మెల్లగా పక్కకు తిరిగింది, పక్కనే ఉన్న ఎవరినో చూడ్డానికి. ఆమె వెనక మాటలు వినిపిస్తున్న గొంతులన్నీ ఒక్కొక్కటే ఆగిపోయాయి. అందరూ విన్నారని అర్థమైంది. అంతలో ఎవరిదో చెయ్యి ఫోనును లాక్కుంది. తెర మీద రాళ్ళు, బూట్లు, ఆకాశం గిర్రున తిరిగి, స్వామి మొహం వచ్చింది. గుంపుకు దూరంగా గబగబా నడుస్తున్నాడు. నీటి అంచుకు వచ్చి ఆగాడు.

“గింత పని జేస్తవా అన్నా? పరాయోల్ల ముంగట నా ఇజ్జత్ తీసినవ్! ఒక్క మాట దాస్తె నీకేం పోయింది? ఇంక మూడు రోజులు నేను ఆల్లకు మొఖం ఎట్ల సూపియ్యాలె? సొంత తమ్మునికి గిట్ల చేస్తరా ఎవలన్న?”

ఇంకా ఏదేదో అంటున్నాడు. నర్సింగ్ వినడం లేదు. స్వామి భుజానికీ చెవికీ మధ్య ఉన్న కాస్త జాగాలో బూడిదరంగు నీళ్ళు కదులుతున్నాయి. పసుపుపచ్చ పడవ ఒకటి సగం కనిపించి స్వామి తల వెనక్కి వెళ్ళిపోయింది. అవతల పొడుగాటి భవనాలు వానలో తడుస్తున్నాయి. టీవీలో కాదు, ఈ నిమిషంలో, నిజంగా. నర్సింగ్ వంకర చెయ్యితో ఫోనును మొహానికి దగ్గరగా పట్టుకున్నాడు.

“పక్కకు జరుగు స్వామీ,” అన్నాడు. “జర ఊరు సూడనియ్యి.”